బిల్లింగ్ కౌంటర్ దగ్గర కుర్చీ ఏదీ?

పట్టాభిరామ్ సూపర్ మార్కెట్లలో బిల్లు కొట్టే అమ్మాయిల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. కొందరు తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు నుంచి లోకల్ రైల్లో వస్తారు. కొనేవాళ్ళతో తమిళం, పక్క కౌంటర్లో మన పిల్ల ఉంటే తెలుగు. "అక్కా, చిల్లర ఉందా? సంచి తెచ్చారా?" ఇక్కడి మర్యాద ఇంతే. వరస కలిపి పిలిస్తే మనకు చాలు.

మర్యాద అన్నిచోట్లా ఒకటి కాదు. వాల్‌మార్ట్ 1997లో జర్మనీకి వెళ్ళి, అమెరికా పద్ధతిలో నవ్వుతూ పలకరించడం, కొన్నవి సంచిలో సర్ది ఇవ్వడం మొదలుపెట్టింది. చాలామంది జర్మన్లకు అది ఎబ్బెట్టుగా తోచింది. ధరల పోటీ వంటి ఇతర కారణాలూ తోడై 2006లో ఆ కంపెనీ అక్కడి దుకాణాలు అమ్మేసుకుంది. జర్మనీలో క్యాషియర్ కూర్చునే గబగబా బిల్లు కొడతారు. సరుకులు సర్దుకోవడం కొన్నవాళ్ళ పని. అమెరికాలో ఎక్కువగా నిలబడే చేయాలి. కాలిఫోర్నియాలో క్యాషియర్లకు కుర్చీలు ఇవ్వలేదన్న కేసులో అదే వాల్‌మార్ట్ 2018లో 6.5 కోట్ల డాలర్లకు రాజీపడింది.

మన సంగతి? కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళ పోరాటంతో కేరళ 2018లో చట్టం సవరించింది. 2021లో తమిళనాడు కూడా దుకాణాల చట్టంలో 22-ఎ సెక్షన్ చేర్చింది. పనిచేసేవాళ్ళందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలి, అవకాశం దొరికినప్పుడు కూర్చోనివ్వాలి. ఆ "అవకాశం" అన్న మాట దగ్గరే చిక్కు. క్యూ తగ్గితేగదా అవకాశం అంటారు యజమానులు. బిల్లు కొట్టడం కూర్చుని చేయగల పనే కదా!

"కూర్చుంటే కస్టమర్‌కు గౌరవం ఇచ్చినట్టుండదు" అని ఇంకో మాట. ఈ గౌరవం ఎక్కడిదో మనకు బాగా తెలుసు. ఊరి పెద్దలు వీధిలో నడుస్తుంటే మంచం మీద నుంచి లేచి నిలబడిన తాతలకు మనవలం మనం. ఆ లేచి నిలబడటమే ఇప్పుడు యూనిఫాం వేసుకుని ఏసీ గదిలోకి వచ్చింది.

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, ధనవంతుడికి మంచి చోటు చూపి పేదవాణ్ణి నిలబడమనే సంఘాన్ని అపొస్తలుడు గద్దిస్తాడు. బోయజు పొలంలో పరదేశి రూతు కోతవాళ్ళ పక్కన కూర్చుని భోంచేసింది. ఈ వాక్యాల మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఆదివారం ఆరాధన ముగించుకుని సరుకులకు వెళ్ళినప్పుడు మాత్రం ఆమె కాళ్ళు మన కంటపడవు.

యౌవనస్థులారా, ఈసారి బిల్లు కట్టాక మేనేజరును అడగండి: "అన్నా, కౌంటర్లో కుర్చీ ఎందుకు లేదు?" ఆ అమ్మాయి ఎదుట మాత్రం అడగొద్దు, తనే చెప్పించిందని అనుకుంటారు. నలుగురైదుగురు వేర్వేరు రోజుల్లో అడిగితే మంచిది. అయినా కుర్చీ రాకపోతే, 22-ఎ సెక్షన్ పేరు రాసి కార్మిక శాఖకు అర్జీ పెడదాం. సంతకాలు మనవి ఉండాలి, ఆమెది అక్కర్లేదు.