స్పేరు సామానుతో ఒక డీజిల్ ఇంజను

స్క్రాచ్ బిల్డ్ అంటే ఏమిటన్నదాని మీద మోడల్ రైళ్ల వాళ్లలో ఎప్పటికీ తెగని తగువొకటుంది. ప్లాస్టిక్ షీటు కోసి, ఇత్తడి తీగ వంచి, మొదటినుంచీ అన్నీ మన చేత్తో చేస్తేనే అది స్క్రాచ్ అని ఒక వర్గం. వేరే ఇంజను చాసిస్, ఇంకెక్కడిదో మోటారు తెచ్చి కలిపితే అతుకుల బొంత అని వాళ్ల లెక్క. సిడ్నీలో ఒక ఎగ్జిబిషన్‌లో నా డబ్ల్యూడీఎం-2ని తిరగేసి చూసిన ఒక పెద్దాయన మర్యాదగానే చెప్పాడు: "బాగుంది. కానీ దీన్ని స్క్రాచ్ బిల్డ్ అనకు." ఆరోజు నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదని ఇప్పుడనిపిస్తోంది.

డబ్ల్యూడీఎం-2 అంటే మీకు తెలియకపోవచ్చు కానీ దాని వెనక మీరు ప్రయాణం చేసే ఉంటారు. స్టేషన్ నుంచి కదిలేటప్పుడు నల్లటి పొగ గుప్పున వదిలే ఆ పొడుగు ముక్కు డీజిల్ ఇంజనే అది. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. 16 సిలిండర్లు, 2600 హార్స్ పవర్. 1962లో మొదట దిగుమతయ్యాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. మొత్తం 2,600కు పైగా కట్టారు. మా బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరు. మా ఇంట్లో "షెడ్డు" అంటే ఒకటే షెడ్డు. ఇక్కడ ఆస్ట్రేలియాలో ప్రతి పెరట్లో ఒక షెడ్డు ఉంటుందని చెప్తే ఆయన చాలాసేపు నవ్వాడు.

నా దగ్గర ఉన్నదేమిటంటే, ఒక సెకండ్ హ్యాండ్ బల్ల మీద దొరికిన పాత అమెరికన్ ఆల్కో మోడల్. హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. బాడీ విరిగిపోయింది, మోటారు మాత్రం తిరుగుతోంది. దానికున్న బోగీలే నాకు కావలసినవి. ఆల్కో మూడు ఇరుసుల బోగీలో చక్రాల మధ్య దూరం సమంగా ఉండదు. నడిమి చక్రం ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఇంకే కంపెనీ బోగీ పెట్టినా, తెలిసినవాడు పది అడుగుల దూరంనుంచే పట్టేస్తాడు. అవి దొరికాయి కాబట్టి డబ్ల్యూడీఎం-2 కట్టాను. దొరక్కపోతే కట్టేవాణ్ణి కాదు.

చాసిస్ పొట్టిదైతే మధ్యలో కోసి పొడిగించాను. బాడీకి ఒక మిల్లీమీటరు స్టైరీన్ షీటు. హ్యాండ్‌రైళ్లకు 0.4 మి.మీ. ఇత్తడి తీగ. బఫర్లు ఒక బ్రిటిష్ వ్యాగన్‌వి. బరువు కోసం టైర్ల షాపువాడు పారేసే వీల్ బ్యాలెన్సింగ్ సీసం ముక్కలు. లోపలి కడ్డీలు కౌన్సిల్ క్లీనప్ రోజు రోడ్డు పక్కన దొరికిన ప్రింటర్‌లోవి. ఆ ప్రింటర్ మోసుకొస్తుంటే మా వీధి చివర తెలుగువాళ్లు కారాపి పలకరించారు. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వదు కూడా.

మొదటి బాడీ పాడైంది. జనవరిలో క్లబ్బుకి తీసుకెళ్తూ దాన్ని కారులో వదిలి కాఫీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పైకప్పు అప్పడంలా వంకర తిరిగింది. అలా వంకర పోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదని తర్వాత తెలిసింది. రెండు షీట్లు అంటించి పెట్టె కట్టినప్పుడు లోపల గాలి పోవడానికి చిన్న రంధ్రాలు వదలాలి. లేకపోతే జిగురు ఆవిరి లోపలే ఉండి ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. రెండో బాడీకి కింద ఎనిమిది రంధ్రాలు పెట్టాను.

అప్పుడే బాపు వచ్చాడు. ఆరు నెలల విజిటర్ వీసా. మీ ఇళ్లకూ ఇలా వచ్చే పెద్దవాళ్లుంటే మీకు తెలిసే ఉంటుంది. మొదటి రెండు వారాలు ఒపేరా హౌస్, బ్లూ మౌంటెన్స్. తర్వాత సోఫా, ఫోను, మేం ఆఫీసునుంచి ఎప్పుడొస్తామా అని ఎదురుచూపు. జీవితమంతా చేతులతో పనిచేసిన మనిషికి మా ఇంట్లో పాల ప్యాకెట్టు తెరిచే పని కూడా లేదు. నన్ను షెడ్డులోకి ఎప్పుడూ రానివ్వలేదు ఆయన. ఇంటికొచ్చి కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాకే నా పుస్తకాలు ముట్టుకునేవాడు. గ్రీజు అంటని ఉద్యోగం చెయ్యాలని చదివించాడు, నేనూ అలాగే చదివాను. నాకు తెలిసిన తెలుగు ఇంజనీర్లలో చాలామందిది ఇదే కథ. ఇంజనీర్లమే కానీ, రెంచీ పట్టుకోవడం తెలియదు.

ఒకరోజు గరాజ్‌లోకి వచ్చి, అద్దాలు సర్దుకుని, ఇంజను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందిరా, ఈ బోగీ ఎనకముందర పెట్టినవ్."

నిజమే. రెండు బోగీలు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉండాలి. శుభ్రం చేసి బిగించేటప్పుడు ఒకటి తిప్పి పెట్టాను. మూడు నెలలనుంచి చూస్తున్నా నాకు కనపడలేదు.

తర్వాత చక్రాలు చిన్నగా ఉన్నాయన్నాడు. అసలు చక్రం వ్యాసం 1092 మి.మీ., నా మోడల్లో అది 12.5 రావాలి. నా దగ్గరున్నవి 11.7. అంటే అసలు ఇంజను లెక్కలో దాదాపు 1016. మార్చాలంటే కొత్త చక్రాలు, కొత్త గేర్లు కావాలని చెప్పాను. కాసేపు ఆలోచించి అన్నాడు:

"అరిగినయనుకో. లేత్ మీద చెక్కించినకొద్దీ చిన్నగైతయ్. గంత చిన్నగైనంక గూడ తోలినం."

ఆ పెద్దాయనకు నేను చెప్పాల్సిన జవాబు ఇది. షెడ్డులో ఏ ఇంజనూ ఫ్యాక్టరీనుంచి వచ్చినట్టు ఉండిపోదు. పార్టు లేక ఆగినదాన్ని విప్పి, దాని పంపు ఇంకోదానికి బిగించి, సాయంత్రానికి ఆ రెండోదాన్ని లైనుమీదికి పంపేవాళ్లు. పాతికేళ్లు నడిచిన డబ్ల్యూడీఎం-2లో ఎన్ని ఇంజన్ల ముక్కలున్నాయో బాపే చెప్పలేడు. అలాంటి దాని మోడల్ ఒకే డబ్బాలోంచి మెరుస్తూ వస్తే, లేదా ఒకే షీటులోంచి పుడితే, అదే నాకు అబద్ధంలా ఉంటుంది. ఏ ముక్క దేనికి పనికొస్తుందో, ఏ తేడాని వదిలెయ్యొచ్చో, దేన్ని వదలకూడదో తెలియడమే ఇందులో విద్య. చక్రం చిన్నదైనా పరవాలేదు, బోగీ తిరగబడితే ఊరుకోకూడదు. షీటు కొయ్యడం ఎవరైనా నెలలో నేర్చుకుంటారు.

గేజి గురించి కూడా నన్ను అడుగుతుంటారు. మనది 1676 మి.మీ. బ్రాడ్ గేజి. 1:87లో 19.3 మి.మీ. పట్టాలు కావాలి. నాది 16.5 మీద నడుస్తుంది, అది న్యూ సౌత్ వేల్స్ స్టాండర్డ్ గేజికి సరైన కొలత. తప్పే, ఒప్పుకుంటాను. కానీ బ్రిటిష్ వాళ్లు 1:76 బొమ్మల్ని ఇదే 16.5 మీద తరాలుగా నడుపుతున్నారు, వాళ్ల పట్టాలు కూడా ఇరుకే. క్వీన్స్‌లాండ్ గేజి 1067. అక్కడ కొందరు పట్టాలు మార్చకుండా స్కేలునే 1:64కి పెంచారు, లెక్క సరిపోయింది. ఆ ఉపాయం నేను పాటిస్తే ఇంజను 1:102 దగ్గరికి దిగాలి. ఆ సైజు బోగీలు నాకెవరిస్తారు? పైగా నా ఇంజను ఇక్కడి క్లబ్బు పట్టాలమీద ఇక్కడి బండ్లతో కలిసి నడవాలి.

ఇక్కడి బండ్లు అంత పరాయివేం కాదు. ఆల్కో వాళ్లు 1957లో మనకు డబ్ల్యూడీఎం-1 పంపడం మొదలుపెట్టారు, మొత్తం 100. అదే ఏడాది సిడ్నీలోని ఆబర్న్‌లో గుడ్‌విన్ కంపెనీ అదే డిజైన్ కుటుంబంలోని 44 క్లాస్ కట్టడం మొదలుపెట్టింది. అవీ 100. ఒక ఆదివారం హెరిటేజ్ రైలుకు 44 క్లాస్ కట్టారని తెలిసి బాపుని తీసుకెళ్లాను. ఇంజను ఇంకా మలుపు తిరగలేదు, కనపడలేదు. ప్లాట్‌ఫామ్ మీద ఆ నిదానమైన గుటక్ గుటక్ చప్పుడు వినగానే ఆయన బెంచీమీంచి లేచి నిలబడ్డాడు.

"ఆల్కో," అన్నాడు. "ఒక సిలిండర్ సరిగ్గ కొడ్తలేదు."

డ్రైవరుని అడిగి ఖాయం చేసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

రంగు విషయంలో మాత్రం మేమిద్దరం తేల్చుకోలేకపోయాం. షెడ్డుకో రంగు, ఓవర్‌హాల్‌కో రంగు. ఆయనకు గుర్తున్నది ఒకటి, నా దగ్గరున్న ఫోటోలో ఇంకొకటి. చివరికి ఫోటో ప్రకారమే వేసి, పైన మసి ఆయన చేత పూయించాను. చెయ్యి కొంచెం వణుకుతుంది కానీ మసికి అది మంచిదే. పొగగొట్టం చుట్టూ ఎక్కువ, క్యాబ్ దగ్గర తక్కువ, మెట్లమీద బూట్ల జాడ. ఎగ్జిబిషన్‌లో అందరూ ఫోన్లు తీసింది దానికే.

పొడుగు ముక్కు ఎడమపక్క హ్యాండ్‌రైలు ఇంకా వెయ్యలేదు. వారం వారం ఫోన్లో అడుగుతాడు, "ఏసినవా?" అని. నవంబరులో మళ్లీ వస్తున్నాడు. ఈసారి 44 క్లాస్ మొదలుపెడదామంటున్నాడు. బోగీలు వెతుకుతున్నాను. బాడీని మాత్రం కారులో పెట్టను.