తాత రేడియోలో నా చార్జర్ గోల

మాది సోంపేట పక్క ఊరు. సెలవులకి ఇంటికెళ్లి లాప్‌టాప్ పెట్టానంటే చాలు, తాత రేడియో జుయ్‌మని మొదలెట్టేది. విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్ మీద మాకు అసలే పల్చగా వినిపిస్తుంది. "ఏటిరా బావూ, నీ పెట్టె నా పెట్టెని మాటాడనివ్వదేటి?" అనేవాడు తాత. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న నేను ఇచ్చిన సలహా ఏమిటంటే, "రేడియో పాతదైపోయింది తాతా, ఫోన్లో వినొచ్చు కదా!"

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. రేడియో బాగానే ఉంది. పాడు చేస్తున్నది నేను.

రేడియోని సెల్స్ మీద నడుపుతూ ఇంట్లో ఒక్కో ప్లగ్గూ తీసుకుంటూ పోయా. లాప్‌టాప్ బ్యాటరీ మీదుంటే గోల లేదు, చార్జర్ పెడితే ఉంది. అసలుది పోతే బజార్లో కొన్న డూప్లికేటు అది. ప్లగ్గు తీసి చాలాసేపయ్యాక విప్పా (లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలవుండొచ్చు, మీరు ఆత్రపడకండి). బోర్డు మీద ఫిల్టర్ చోక్‌కి చోటు గీసి ఉంది, చోక్ లేదు. దాని బదులు రెండు తీగముక్కలు అతికించేశారు!

ఈ చార్జర్లు సెకనుకి వేలసార్లు కరెంటుని తెంచి కలుపుతుంటాయి. అది 66 కిలోహెర్ట్జ్ అనుకోండి, 14వ హార్మోనిక్ 924. సరిగ్గా తాత స్టేషన్ నెత్తిమీద. ఫిల్టర్ లేకపోతే ఇంటి వైరింగే ఏంటెన్నా అయిపోతుంది.

"తుఫానొస్తే కరెంటు పోతుంది, గోలా పోతుంది, ఇక ఇబ్బందేముంది?" అన్నాడు హాస్టల్లో ఒకడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అప్పుడు చార్జర్ గోల లేనిమాట నిజమే. కానీ హెచ్చరిక వినాల్సింది గాలి రాకముందు కదా. వేటకెళ్లాలా వద్దా అని బారువ వైపు వాళ్లు రేడియోకి చెవి పెట్టే సాయంత్రం ఊరంతా కరెంటు ఉంటుంది. మన చార్జర్లన్నీ ప్లగ్గుల్లోనే ఉంటాయి.

అడాప్టర్లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. అందులో పరీక్షించే ఐఎస్ 13252 షాకు, మంటల్లాంటి భద్రత గురించి. రేడియో గోల దాని పరిధిలోది కాదు. అమెరికాలో ఎఫ్‌సీసీ నిబంధనల దెబ్బకి టీఆర్‌ఎస్-80 మొదటి మోడల్ అనే ఇంటి కంప్యూటర్‌నే 1981లో ఆపేశారు. మన దగ్గర ప్రతి అడాప్టర్‌కీ ఆ పరీక్ష కూడా ఉండాల్సిందే అంటాను. మనకేమో ఈఎంఐ అంటే రెండు మార్కుల ప్రశ్న.

మంచి చార్జర్ కొనడమే సరైన మందు. అందాకా పాత టీవీ పిక్చర్ ట్యూబ్ మెడలోని ఫెరైట్ రింగుకి చార్జర్ తీగని 8 చుట్లు చుట్టా. ఒక్క చుట్టుతో ఈ ఫ్రీక్వెన్సీలో పెద్దగా ఏమీ కాదు, అడ్డు చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రేడియోని కూడా కొంచెం పక్కకి తిప్పా. గోల సగానికి పైగా తగ్గింది. మిగిలింది రాత్రి ఏడు దాటాక మొదలవుతుంది. అది పక్కింటి ఎల్‌ఈడీ బల్బు. పెద్దమ్మ వాళ్లని ఏమని అడగను?