రాతివలయాల చెంత డబ్బాల వేట

మా తరగతి విద్యార్థి ఒకడు ఈ సంవత్సరం నన్నొక కోరిక కోరినాడు. "సార్, బొజ్జన్నకొండమీద మనమూ ఒక డబ్బా దాచుదామా?" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తరగతిలో చెప్పుటకు వ్యవధి చాలలేదు. ఆ సమాధానమే ఈ వ్యాసం.

అతడు చెప్పిన ఆట పేరు జియోకేషింగ్. ఒకరు చిన్న డబ్బాలో ఒక పుస్తకం ఉంచి, ఎక్కడో దాచి, ఆ చోటు యొక్క అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. ఇతరులు జి.పి.ఎస్. సాయంతో దానిని వెదకి, పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను యథాస్థానంలో ఉంచుతారు. ఉపగ్రహ సంకేతాలలో కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తొలగించగా, మరునాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో మొదటి డబ్బాను దాచినాడు. యువకులను నాలుగు గోడల మధ్యనుండి కొండలకు, కోనలకు నడిపించే ఆట గనుక దానిని నేను నిందించను. నా అభ్యంతరమంతా అది ఆడే చోటును గురించే.

మన బుచ్చయ్యపేటకు చేరువలో, అనకాపల్లి వద్ద శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ బౌద్ధుల ఆరామం. అక్కడి ఒక రాతి కట్టడాన్ని రాక్షసుని బొజ్జగా భావించి, కనుమనాడు చుట్టుపట్ల గ్రామాలవారు రాళ్ళు రువ్వేవారు. ఇంటాక్ సంస్థవారు నచ్చజెప్పుటతో ఆ ఆచారానికి అడ్డుకట్ట పడినది. అంతకంటె ఎంతో ప్రాచీనమైనవి కృష్ణాతీరాన, నారాయణపేట జిల్లా ముడుమాలులోని నిలువురాళ్ళు, రాతివలయాలు. పది నుండి పద్నాలుగు అడుగుల ఎత్తుగల రాళ్ళు అక్కడ ఇంచుమించు 80 ఉన్నవి. ఒక రాతిపై సప్తర్షి మండలం ఆకృతిలో గుంటలు తొలచినారు. శాపంవల్ల మనుషులే రాళ్ళైనారని అక్కడివారి కథ. ఒక రాతిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది.

చూడండి, ఒకచోట కథ రాళ్ళు రువ్వించినది. మరొకచోట కథే రాళ్ళను కాపాడినది. మూడవ కథ ఒకటున్నది, అది అన్నిటికంటె ప్రమాదకరమైనది. పాతరాళ్ళ క్రింద లంకెబిందెలు ఉన్నాయన్న కథ అది. ఉర్దూ విభాగపు మిత్రులు దఫీనా అనేదీ దానినే. ఆ ఆశతో గునపాలు పట్టినవారు రాక్షసిగుళ్ళను, పాండవగుళ్ళను ఎన్నిచోట్ల పెకలించినారో! నిజానికి ఆ సమాధులలో దొరికేవి ఎముకలు, ఎరుపు నలుపు కుండలు, ఇనుప పనిముట్లు. దొంగకు అవి పనికిరావు. చరిత్రకారునికి అవే సర్వస్వం. అయితే ఏ పొరలో ఏది ఉన్నదో చెదరిపోతే అతనికీ మూగబోతాయి.

"త్రవ్వకూడదని ఆటలోనే నియమమున్నది సార్" అన్నాడు మా విద్యార్థి. నిజమే. కాని ఆ నియమం ఆడేవానికి తెలుసు, దూరంనుండి చూచే పసులకాపరికి తెలియదు. పట్నంనుండి వచ్చిన కుర్రవాళ్ళు చేతిలో యంత్రంతో రాళ్ళసందులు వెదకి, ఒక డబ్బా తీసి, తెరచి, మురిసిపోతుంటే అతడేమనుకోవాలి? ఆ రాత్రికే గునపం రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? రక్షిత కట్టడానికి హాని చేసినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. కాని శిక్షవల్ల పడిన రాయి తిరిగి లేవదు.

దీనికి ఉపాయం ఆ ఆటలోనే ఉన్నది. డబ్బా లేని పద్ధతి కూడ అందులో కలదు. చోటు మాత్రమే తెలుపుతారు; అక్కడికి వెళ్ళి, కన్నులారా చూచి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాడే గెలిచినట్లు. బొజ్జన్నకొండమీద ఆ ప్రశ్నలను మన విద్యార్థులే తయారు చేయకూడదా? ఊరి పెద్దలు చెప్పే కథలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి పెట్టకూడదా? 1914లో హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖకు తొలి డైరెక్టరైన గులాం యజ్దానీ అజంతా చిత్రాలను లోకానికి పరిచయం చేసినది ఓపికగా చూచి, వ్రాసి, అచ్చువేసి. మన బిడ్డలకు ఆయనకంటె మంచి ఆదర్శం వేరొకటి అక్కరలేదు.

కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే. ఏటా ఒక ఆదివారం, ఒక బస్సు, ఒక చరిత్రాధ్యాపకుడు — ఇంతమాత్రం సమకూర్చండి. విద్యార్థులారా, ఆ రాళ్ళవద్ద మీరేమీ దాచవద్దు, ఏమీ తీయవద్దు. చూచినది వ్రాసి తీసుకొని రండి. వచ్చే సంవత్సరపు సంచికలో దానికి చోటు తప్పక ఉంటుంది.