మగపిల్లలకూ పొయ్యి కాడి చదువు కావాలె



మన పిల్లగాళ్లకు ఎక్కాలు గడగడ వస్తయి. సోలెడు బియ్యానికి ఎసరు ఎంత పెట్టాలో అడిగితే తెల్లమొహం వేస్తరు. వంట ఆడోళ్ల పని అని మనమే వాళ్లను పొయ్యి కాడికి రానియ్యలేదు.

మన వెల్గటూర్ నుంచి కోరుట్ల, సిరిసిల్ల దాకా ఎందరో గల్ఫ్ పోయిన్రు. రోజంతా ఎండల పని చేసి రూముకు వచ్చినంక వంతుల వారీగా వండుకునేది మగోళ్లే. ఇరవై ఏండ్ల పోరడు పరాయి దేశంల పప్పు ఉడకబెట్టుడు మొదటిసారి నేర్సుకోవాల్నా?

వంట కూడా చదువే. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పలక మీద ఎక్కని భిన్నాలు బియ్యం కొలిస్తే జల్ది ఎక్కుతయి. కొత్త బియ్యం ఎందుకు ముద్దయితది, పాలు ఎట్ల తోడుకుంటయి, ఇదంతా సైన్సే గదా.

1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనితోనే చదువు చెప్పాలన్నరు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేకుండ పది రోజులు చేతిపనులు నేర్పుమన్నది. అందుల ఒక్క రోజు వంటకు ఇయ్యాలని నా మాట. పెద్దలు పక్కన ఉండాలె. మధ్యాహ్న భోజనం వండే అక్కల పని పిల్లల మీద వెయ్యమంటలేను. ఆడపిల్లలు వండుడు, మగపిల్లలు తినుడు అయితే అసలే వద్దు.

బడి మొదలుపెట్టేదాక ఆగుడెందుకు? ఈ ఆదివారం మీ కొడుకుతోని పచ్చిపులుసు చేయించండి, పొయ్యి కూడా ముట్టియ్యక్కర లేదు. ఉప్పు ఎక్కువైనా మెచ్చుకొని తినండి.