మాతృభాషే మూలధనం

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ అభ్యసించి అధ్యాపకులు కాదలచిన మన విద్యార్థులు, ఎం.ఏ. పట్టా చేతికి వస్తే చాలునని తలచరాదు. భాష తెలియడం వేరు, తెలియజెప్పడం వేరు.

స్పానిష్‌లో ఉనికిని తెలుపుటకు సెర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నవి. ఇంగ్లీషు మార్గాన నేర్చేవారు ఇక్కడే తడబడతారు. తెలుగులో "ఆయన అధ్యాపకుడు" అన్నప్పుడు క్రియే అక్కరలేదు, అక్కడ సెర్. "ఆయన గదిలో ఉన్నారు" అన్నప్పుడు ఎస్తార్. అన్నిచోట్లా ఈ పోలిక నిలవకపోయినా, తొలిపాఠానికి ఇది చక్కని ఊతం. ఇక మాటలకు వస్తే, మన చక్కెర, ఉర్దూ షకర్, అరబ్బీ మీదుగా స్పెయిను చేరిన అసూకర్, అన్నీ సంస్కృత శర్కర సంతానమే.

ఇంటి భాషను చిన్నచూపు చూచేవాడు పరభాషకు గురువు కాజాలడని మా నిశ్చితాభిప్రాయం.