ఓటు వేరు, వేషం వేరు

విశాఖ కుర్రాడు కౌశల్ మండా మోడలింగ్ చేశాడు, 1999లో మహేశ్ బాబు హీరోగా తొలి చిత్రం ‘రాజకుమారుడు’లో చిన్న వేషం వేశాడు, తర్వాత సీరియళ్లలో కనిపించాడు. దాదాపు ఇరవై ఏళ్ల ఆ కష్టం ఇవ్వని పేరును 2018లో బిగ్ బాస్ రెండో సీజన్ నాలుగు నెలలు తిరక్కుండానే ఇచ్చేసింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఇంట్లో మిగతావాళ్లంతా ఒకవైపు, అతనొక్కడూ ఒకవైపు. ఒంటరివాడి మీద జాలిపడటం మనకు వెన్నతో పెట్టిన విద్య కదా! బయట ‘కౌశల్ ఆర్మీ’ పుట్టింది. ఓట్లు గుద్దింది, ఎదుటివాళ్లపై విరుచుకుపడింది, చివరికి హోస్ట్ నానిని సైతం వదల్లేదు. తోటి పోటీదారు గీతా మాధురిని దాటి కౌశల్ గెలిచాడు, 50 లక్షలు అందుకున్నాడు. గెలుపు న్యాయమైనదే, ఆట ఆడటం అతనికి తెలుసు. నా పేచీ ఆ ఆర్మీతోనే. అన్ని లక్షల ఓట్లు వేసినవాళ్లలో ఎందరు తర్వాత అతని సినిమాకు టికెట్ కొన్నారు? మూడో సీజన్ విజేత రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కార్ వేదికెక్కాడంటే ‘నాటు నాటు’ పాడిన గొంతు వల్లే, ట్రోఫీ వల్ల కాదు. ఇప్పుడు బీచ్ రోడ్డులో రీల్స్ తీసుకుంటూ బిగ్ బాస్ పిలుపు కోసం చూస్తున్న వైజాగ్ పిల్లలారా, వెళ్లండి, తప్పులేదు. కానీ ముందు ఒక పని బాగా నేర్చుకుని వెళ్లండి.