గుమ్మం ముందు చిన్న చెప్పులు

సాయంత్రం ఆరున్నర దాటింది. మాదాపూర్‌లోని ఏ డే కేర్ దగ్గర చూసినా ఈ వేళకి ఇద్దరో ముగ్గురో పిల్లలు మిగిలే ఉంటారు. చెప్పులు వేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని, గేటు చప్పుడైన ప్రతిసారీ తల తిప్పి చూస్తుంటారు. వాళ్లమ్మ ఇంకా ఆఫీసులోనే, "ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అంటూ మొదలైన మీటింగులో ఉంటుంది.

ఉద్యోగం మారేటప్పుడు జీతం, బోనస్, ఇంటికి దూరం అన్నీ లెక్క చూసుకునే తల్లిదండ్రులు పిల్లల సంగతి మాత్రం ఎత్తరు. ఎత్తితే ఉద్యోగం చేజారుతుందని భయం. ఇంటర్వ్యూలో "బాబుని ఎవరు చూసుకుంటారు?" అని తల్లినే అడుగుతారు, తండ్రిని అడగరు. ఆ ప్రశ్న నిజానికి ఆమె సంస్థను అడగాల్సింది. అడిగే హక్కు ఆమెకు చట్టమే ఇచ్చింది.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల వేతన సెలవు 26 వారాలైంది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థకు క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఆ 50 మందీ ఆడవాళ్లే కానక్కర్లేదు, మగవాళ్లనూ కలిపే లెక్క. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది తల్లులు నోరు మెదపకుండా ఊరుకున్నారో!

మరి ఇన్నాళ్లూ మన ఇళ్లు ఎలా నడిచాయి? మూడు నెలలు అమ్మమ్మ, మూడు నెలలు నాయనమ్మ. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఊరగాయ జాడీ, మోకాళ్ల నొప్పుల మాత్రలు సంచిలో సర్దుకుని బస్సెక్కుతారు. ఊళ్లో తాతయ్య ఒక్కడే అన్నం వండుకుంటాడు. సంస్థ పెట్టాల్సిన ఖర్చును అరవై ఏళ్లు దాటిన ఆ పెద్దావిడ తన ఒంటితో కడుతోంది. ఆమెది ప్రేమే, కాదనలేం. కానీ ఆ ప్రేమను నమ్ముకుని సంస్థలు చేతులు దులుపుకోవడం అన్యాయం.

యజమానుల ఇబ్బందీ ఉంది. ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగినికి 26 వారాల జీతం మొత్తం యజమానే భరించాలి. పది మందితో నడిచే చిన్న సంస్థకు అది బరువే. అందుకే పెళ్లైన అమ్మాయి దరఖాస్తు పక్కకు పోతుంది. ఆ భారంలో ప్రభుత్వం వాటా తీసుకోవాలి. తండ్రికీ సెలవు కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటులో ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. 2019లో జొమాటో తండ్రులకూ 26 వారాలు ప్రకటించింది. చేయాలనుకుంటే చేయొచ్చని అప్పుడే తేలింది.

క్రెష్ ఉందని హెచ్ఆర్ వాళ్లు చెబితే, ఉద్యోగంలో చేరకముందే ఒకసారి చూపించమనాలి. ఆయమ్మ ఉందా, పిండిన పాలు దాచుకోవడానికి ఫ్రిజ్ ఉందా, ఆఖరి షిఫ్టు దాకా తెరిచి ఉంచుతారా అని అడగాలి. గుమ్మం ముందు చిన్న చెప్పులు కనిపించకపోతే, అక్కడ పనిచేసే వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో కూడా అడగాలి.